వెంట్రుకవాసి చోటు

ఆ వీధిలో అతణ్ణి అందరూ ఆగాగు అంటారు. ఎవరైనా ఇంజను తాళం తిప్పబోతే చాలు, బానెట్ కింద వంగి ఉన్నవాడు తల ఎత్తకుండానే చెయ్యెత్తి "ఆగాగు" అంటాడు. ఏ బోల్టు బిగించడం మరిచాడో, ఏ గుడ్డ పీలిక ఫ్యాను దగ్గర వదిలేశాడో మరోసారి చూసుకున్నాకే తిప్పనిస్తాడు. ఇంట్లోనూ ఇంతేనా అని టైర్ల కొట్టాయన అతని భార్యను ఆటపట్టిస్తుంటాడు.

"భోజనం దగ్గర మాత్రం అనరండీ. అక్కడ ఆగమని నేనే అనాలి," అంటుందావిడ.

ఇంజన్లలోకి రాకముందు అతను గడియారాలు బాగుచేసేవాడు. చిన్న దీపం కింద, ఒక కంటికి అద్దం బిగించుకుని, అరచేతిలో ఇంతంత కాలాన్ని బోర్లించుకుని కూర్చునేవాడు. ఆ కొట్టు మూతపడ్డాక అన్న తన షెడ్డుకి రమ్మన్నాడు. "అదీ టిక్కుటిక్కే, ఇదీ టిక్కుటిక్కే. ఇది కాస్త గొంతు చించుకుంటుంది, అంతేరా," అన్నాడు అన్న. తమ్ముడు నమ్మాడు. నమ్మినందుకు అన్న ఏడిపించాడు కూడా, మొదటి ఏడాదంతా.

షెడ్డు ఒకటే, సగాలు రెండు. మధ్యలో నడుము ఎత్తు ఇటుక గోడ. ఇటువైపు తమ్ముడు ఇంజన్లు విప్పి, కడిగి, మళ్ళీ కూర్చేవాడు. అటువైపు అన్న ఫేసింగ్ మిషను. వేడెక్కి వంగిన హెడ్డును, అంటే ఇంజను పైమూతను, దాని మీద బిగిస్తే, తిరిగే రాయి అడుగు భాగాన్ని కొద్దికొద్దిగా గీకి మళ్ళీ చదును చేస్తుంది. ఎంత తీయాలో తమ్ముడు హెడ్డు మీద సుద్దతో రాసి గోడ మీద పెట్టేవాడు. అన్న తీసి, కడిగి, పాత కాగితంలో చుట్టి అదే గోడ మీద పెట్టేవాడు. దాన్ని తమ్ముడు మళ్ళీ కొలవకూడదు. తమ్ముడు కూర్చిన ఇంజనులో అన్న వేలు పెట్టకూడదు. ఆ షెడ్డులో అది మర్యాద. కొలిస్తే నమ్మలేదన్నట్టు.

అన్న పోయాక మిషను మీద గుడ్డ కప్పేశారు. ఒక వానాకాలం దాటింది. గుడ్డ మీద దుమ్ము, దుమ్ము మీద పిల్లి పాదాలు. ఒకరోజు పొద్దున ఇతను షెడ్డుకి వచ్చేసరికి గుడ్డ మడతపెట్టి ఉంది. వదిన కొంగు నడుముకి దోపి, మిషను పళ్ళచక్రాలకి నూనె పెడుతోంది. ఏళ్ళ తరబడి భర్త పక్కన నిలబడి రాయి మీద నీళ్ళు పోసిన మనిషి. చూడనిది లేదు, చేయనిదే గానీ.

"ఏమయ్యా, అలా చూస్తావేం? హెడ్డేదైనా ఉంటే ఇలా పెట్టు," అంది.

ఆమె చేసిన మొదటి హెడ్డుతో కూర్చిన ఇంజను నడిచింది గానీ, నిద్ర తీరనట్టు నడిచింది. బిగువు లేదు. ఆ సాయంత్రం వదిన ఇంటికి వెళ్ళాక అతను హెడ్డు విప్పాడు. మొదటిసారి మర్యాద తప్పి కొలిచాడు. తను రాసినదాని కంటే ఒక వెంట్రుకవాసి మందంగా ఉంది. ఎందుకో తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. "గీకేసింది మళ్ళీ అతికించలేవు, కాస్త ఉంచుకో" అని అన్న ఆమెకి మిషను చూపించినప్పుడల్లా అంటూండేవాడు. ఆమె ఆ కాస్తను ఉంచుతోంది. పోయినవాడి మాటను ఇనుములో దాచుకుంటోంది.

అలాంటిదాన్ని తప్పని ఎలా చెప్తాడు? చెప్పలేదు. హెడ్డుకీ ఇంజను బ్లాకుకీ మధ్య పరిచే గాస్కెట్ రేకు రెండు మందాల్లో దొరుకుతుంది. అంచున ఒక గంటు ఉంటే పలచది, రెండు గంట్లుంటే మామూలుది. అతను పలచది పరిచాడు. వెంట్రుకవాసి ఎక్కువైన చోట వెంట్రుకవాసి తగ్గింది. ఇంజను ఒళ్ళు విరుచుకుని లేచింది. తర్వాతి హెడ్డుకీ అంతే తేడా. ఆ తర్వాతదానికీ అంతే. వదిన తప్పు కూడా వదినలాగే నమ్మకమైంది. ఇక అతను కొలవడం మానేశాడు, పలచ గాస్కెట్ పరచడం మాత్రం మానలేదు. ఏళ్ళు అలా గడిచిపోయాయి. ఆ గోడ మీదుగా వెళ్ళిన బండి ఏదీ పని చెడి తిరిగి రాలేదు.

ఇప్పుడు తిరిగి వచ్చింది. వచ్చింది కూడా ఎవరిదో కాదు, వదిన కొడుకుది.

కొడుకు డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. మంచివాడు, మాటకారి. పాఠాలు చెప్పడానికి వాడికో గది కావాలి. రోడ్డు గుర్తుల బోర్డులు ఇంటి వరండాలో గోడకి చేరవేసి ఉన్నాయి. మిషను ఉన్న సగం వాడి గదికి సరిగ్గా సరిపోతుంది. కానీ వాడి గొడవ చోటు గురించి మాత్రమే కాదు. ఈమధ్యే తల్లికి కంటి ఆపరేషన్ అయింది.

"తిరిగే రాయి ముందు నువ్వు కూచుంటే నాకు పక్క సీట్లో మనసుండదమ్మా. మొన్నెవరో ఎడమ అంటే కుడికి తిప్పారు, నేను బ్రేకు కూడా తొక్కలేదు."

"అది నా మిషను తప్పా, నీ చదువు చెప్పడం తప్పా?"

తగువు చాలా రోజులు సాగి చివరికి ఒక ఒప్పందం దగ్గర ఆగింది. ఆమె పని చేసుకోవచ్చు. కానీ ఒక్క హెడ్డు చెడి తిరిగొచ్చినా మిషను తీసేయాలి. "సరే, మాట," అంది వదిన. ఆమె ఆ మాట తేలిగ్గా అనే మనిషి కాదని ఇద్దరికీ తెలుసు.

నేర్చుకునేవాళ్ళ కాళ్ళ కింద నలిగే బండి అది. ఎవరో రెండో గేరులోనే ఊరంతా తిప్పారు. నీళ్ళు మరిగిపోయి హెడ్డు వంగింది. ఆగాగు ఇంజను మొత్తం దించాడు. కొత్త రింగులు, కొత్త బేరింగులు వేశాడు. వదిన హెడ్డు చదును చేసింది. అతను కూర్చాడు, తాళం తిప్పాడు. చల్లగా ఉన్నంతసేపూ ఇంజను తొణకని నీళ్ళలా తిరిగింది. కొడుకు తీసుకెళ్ళి, మర్నాడే వెనక్కి తెచ్చాడు. వేడెక్కాక యాక్సిలరేటర్ కాస్త తొక్కితే, లోపల ఎక్కడో చప్పుడు. టిక్. టిక్. చిన్నదే, కానీ గట్టిది. గాజు మీద గోరు తగిలినట్టు.

"టాపెట్ బాబాయ్. నాకే తెలిసిపోతోంది," అన్నాడు కొడుకు.

"మరి నువ్వే సరిచెయ్యి."

"నేను నడపడం నేర్పిస్తా, బాగుచేయడం కాదు."

"అయితే సాయంత్రం రా."

వాడు వెళ్ళాక వదిన గోడ అవతలనుంచి చూసింది. చేతిలో గుడ్డతో, అప్పటికే తుడిచిన మిషన్నే మళ్ళీ తుడిచింది. ఆమె చూపు అతని వీపు మీద ఎండలా పడింది.

అతను పొడుగాటి స్క్రూడ్రైవర్ పిడిని చెవికి ఆనించి, కొనను ఇంజను మీద ఒక్కోచోట పెడుతూ వెళ్ళాడు. ఇనుము గుండా చప్పుళ్ళు నడిచి వస్తాయి. పంపు గుసగుస, గొలుసు సణుగుడు, బేరింగుల ఊపిరి. మూడో సిలిండరు దగ్గర ఆ టిక్కు చెవిలో సూదిలా దిగింది. పిస్టన్లు తిప్పే క్రాంకు ఇరుసు రెండు చుట్లు తిరిగితే ఒకసారి వస్తోంది. వాల్వులు నడిచే లెక్క అది. కాబట్టి కింద రాడ్డుల్లో కాదు, పైనే. ఇక్కడివరకూ కొడుకు మాటే నిజం. వాల్వును తోసే టాపెట్ దగ్గర సందు ఎక్కువైతే అచ్చం ఇలాగే కొట్టుకుంటుంది.

ఇంజను ఆపి సందు కొలిచాడు. సరిగ్గా ఉంది. సరిగ్గా ఉన్నదాన్ని చెడగొట్టడం ఒక్కోసారి పనికొస్తుందని అతనికి గడియారాలు నేర్పాయి. మూడో సిలిండరులో పొగ వదిలే వాల్వు దగ్గర సందును కావాలనే కాస్త పెంచాడు. టాపెట్ చప్పుడే అయితే ఇప్పుడు ఇంకా పెరగాలి. మళ్ళీ తాళం తిప్పి, వేడెక్కనిచ్చి, తొక్కాడు.

సందు పెంచినందుకు వచ్చే వదులు చప్పుడు, మెత్తగా, చెక్క మీద తట్టినట్టు, వచ్చింది. ఆ గట్టి టిక్కు మాత్రం లేదు.

అతను ఇంజను ఆపేశాడు. టాపెట్ సందు పెరిగితే వాల్వు కిందికి కాస్త తక్కువ దిగుతుంది. తక్కువ దిగినందుకు చప్పుడు పోయిందంటే, మామూలుగా దిగినప్పుడు అది దేన్నో తాకుతోంది. కింద ఉన్నది ఒక్కటే, పైకి వచ్చే పిస్టన్. లోపల చీకట్లో, ఒకదాన్నొకటి తాకకుండా బతికినంత కాలం పక్కపక్కనే తిరగాల్సిన రెండు ముద్దాడుకుంటున్నాయి. ఇలాగే వదిలేస్తే వాల్వు వంగుతుంది, విరుగుతుంది, ఆ ముక్క ఇంజన్నంతా నమిలేస్తుంది.

హెడ్డు విప్పాడు. మూడో పిస్టన్ నెత్తిన సన్నని గీత కనపడింది. గోరుతో గిల్లినట్టు, విదియనాటి నెలవంక. చేత్తో తడిమితే తెలియదు, దీపం పక్కకి వంచితేనే మెరుస్తుంది. వాల్వు వంగిందేమోనని తిప్పి చూశాడు. వంగలేదు. స్ప్రింగు సరిగ్గా ఉంది. అయితే ఆ ఒక్క చోటే ఇరుకా, అన్ని చోట్లా ఇరుకేనా?

వీధి మలుపులో పలకలు, పెన్సిళ్ళు అమ్మే కొట్టుంది. అక్కడ పిల్లలు బొమ్మలు చేసుకునే రంగు మట్టి కొన్నాడు. ఎర్రది దొరికింది. మూడో పిస్టన్ మీద ఒక ముద్ద, సాక్షిగా ఒకటో పిస్టన్ మీద ఇంకో ముద్ద అద్దాడు. వాల్వుకి అంటుకోకుండా పైన నూనె రాశాడు.

"ఏమయ్యా, మట్టితో ఆటలేంటి? బడికి పంపిన రోజుల్లో ఆడుకోలేదా?" గోడ అవతలనుంచి వదిన.

"బొమ్మ చేస్తున్నా వదినా."

"ఎవరి బొమ్మ?"

"ఇంకా మొహం తేలలేదు."

ఆమె నవ్వలేదు. అతనూ నవ్వలేదు. అదే గాస్కెట్ వేసి హెడ్డు బిగించి, క్రాంకును పొడుగాటి పానాతో చేత్తో మెల్లగా తిప్పాడు. రెండు చుట్లు. మళ్ళీ విప్పాడు. రెండు ముద్దల మీదా వాల్వు అచ్చులు పడ్డాయి, నిద్రలేచాక చెంప మీద పడ్డ దిండు మడతల్లా. బ్లేడుతో మట్టిని నిలువునా కోసి దళసరి చూశాడు. మూడోదాని అడుగున మట్టి దాదాపు లేదు. ఒకటోదాని అడుగున సిగరెట్టు కాగితమంత ఉంది. ఉండాల్సింది పెళ్ళి కార్డంత.

అన్ని చోట్లా ఇరుకే. మూడోది ముందు అరిచింది, మిగతావి అరవబోతున్నాయి. తప్పు ఒక వాల్వుది కాదు. పైకప్పులాంటి హెడ్డే మొత్తం కిందికి దిగింది.

కప్పును కిందికి దించేవి రెండే, వదిన రాయి, అతని గాస్కెట్. గాస్కెట్ ఏదో అతనికి తెలుసు, ఎప్పటిలా పలచదే. హెడ్డును బల్ల మీద పెట్టి, ఆ షెడ్డులో రెండోసారి మర్యాద తప్పాడు. కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. సుద్దతో రాసినంతా సరిగ్గా తీసి ఉంది. వెంట్రుకవాసి మిగల్లేదు.

అప్పుడు అతనికి మొదట వచ్చిన ఆలోచన పిరికిది. మామూలు గాస్కెట్ పరిచి, చప్పుడు పోగొట్టి, కొడుకుతో "టాపెట్టేరా, నువ్వే గెలిచావ్" అంటే అయిపోతుంది. ఎవరి మిషనూ పోదు. ఎవరి చెయ్యీ చర్చకి రాదు. తర్వాతి హెడ్డు ఎలా వస్తుందో మాత్రం తెలియదు. సగం ఉంచిందో, మొత్తం తీసిందో, గోడ ఇవతలనుంచి ఊహించాలి. ఊహ మీద ఇంజను కూర్చడం అతని వల్ల కాదు.

తల ఎత్తేసరికి వదిన గోడ దాటి వచ్చి బల్ల పక్కన ఉంది. కొలిచే గేజి ఇంకా హెడ్డు మీదే ఉంది. దాచడానికి వేళ మించిపోయింది.

"కొలిచావా?"

"కొలిచాను."

"అంతా తీశాను కదూ?"

"అంతా తీశారు. ఎప్పుడూ తీయరుగా, ఈసారెందుకు తీశారు?"

కోసిన మట్టి ముద్దను వదిన వేళ్ళ మధ్య తిప్పుతూ నిలబడింది. "పాల వ్యాను వచ్చింది గుర్తుందా? ఎప్పుడో మనం చేసిందే, తిరిగి తిరిగి అరిగిపోయి వచ్చింది. హెడ్డుకి పాత గాస్కెట్ అంటుకునే ఉంది. గోకుతుంటే అంచు కనపడింది. ఆపరేషన్ అయ్యాక ఈ కంటితో శుభ్రంగా చూసిన మొదటి వస్తువు అదేననుకో. ఒకటే గంటు."

అతను గేజి తీసి పక్కన పెట్టాడు.

"పలచది ఎందుకేశాడా అనుకున్నా. ఆ హెడ్డు ఎప్పటిలాగే చేసిచ్చేశాక గానీ అర్థం కాలేదు. నేను మిగల్చడం, నువ్వు మింగడం. ఎన్నేళ్ళుగా?"

"మొదటి హెడ్డునుంచి."

"నోరుందిగా! అడగొచ్చుగా!"

"మీకూ ఉందిగా వదినా. మానేశానని చెప్పొచ్చుగా."

"చెప్తే నువ్వు ఇన్నాళ్ళూ నా వెనక తుడుచుకుంటూ వచ్చావని నాకు తెలిసినట్టు నీకు తెలుస్తుంది. నువ్వు మొహం ఎక్కడ పెట్టుకుంటావని చెప్పలేదు."

"నేనూ మీ మొహం గురించే చెప్పలేదు."

ఇద్దరూ మట్టి ముద్ద వైపు చూశారు. ఆ సన్నని చోటులో రెండు మొహమాటాలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

కొడుకు సాయంత్రం కాకముందే వచ్చేశాడు, పక్క సీటు బ్రేకు నొక్కీ నొక్కీ కుంటుతూ. విప్పి ఉన్న హెడ్డును చూడగానే మొహం మారింది. "టాపెట్ కాదా?"

"కాదు," అంది వదిన, మరిది నోరు తెరవకముందే. "హెడ్డు తిరిగొచ్చింది. నా హెడ్డే. మాట ఇచ్చాను. మిషను ఎప్పుడు తీస్తావో తీసుకో."

ఆమె గొంతులో ఏమీ లేదు, వీధి పేరు చెప్పినట్టు చెప్పింది. ఆగాగు మాత్రం ఆ గొంతు వెనక మిషను చక్రాలు ఆగిపోవడం విన్నాడు. గుడ్డ మళ్ళీ కప్పడం విన్నాడు.

"హెడ్డు చెడలేదురా," అన్నాడు. "కొలతకి సరిగ్గా ఉంది. ఈ షెడ్డులో మీ అమ్మ కొలతకి సరిగ్గా చేసిన మొదటి హెడ్డు ఇదే."

వదిన చటుక్కున తిరిగి చూసింది. ఆ మాట ఆమెను కాపాడింది, ఆ మాటే ఆమెను కొట్టింది. రెండూ కనపడ్డాయి అతనికి. కానీ అందులో అబద్ధం లేదు, వెనక్కి తీసుకోవడానికేమీ లేదు. వాడికి మొత్తం చెప్పాడు. మిగిల్చిన వెంట్రుక, పలచ రేకు, పాల వ్యాను, మట్టి.

కొడుకు రెండుసార్లు చెప్పించుకున్నాడు. "అంటే అమ్మ ఇన్నేళ్ళూ తప్పు చేస్తే ఒక్క బండీ తిరిగి రాలేదు. సరిగ్గా చేసిన రోజున వచ్చింది. ఇదేం షెడ్డు బాబాయ్?"

"మీ నాన్న షెడ్డు."

వాడు తిరగేసిన బకెట్టు మీద కూర్చున్నాడు. "ఇలాంటి వాళ్ళు నాకు వారానికి ఇద్దరొస్తారు. సన్నటి సందులో ఎదురుపడతారు. దారిద్దామని ఒకడు పక్కకి తిప్పుతాడు, రెండోవాడూ మర్యాదగా అటే తిప్పుతాడు. ఢాం! ఇద్దరూ మంచివాళ్ళే. చెయ్యి బయటపెట్టి చూపించడానికి మాత్రం ఇద్దరికీ సిగ్గు."

"నీ పాఠం అయిందా?" అంది వదిన.

"కాలేదు. గది నాకు కావాలి, కాదనను. కానీ చెడిన హెడ్డు గురించి కదా మాట? ఇది చెడలేదంటున్నాడు బాబాయ్. సరిగ్గా చేసినందుకు నీ మిషను తీశానని చెప్పుకు తిరగనా?" లేచి బట్టలు దులుపుకున్నాడు. "మీరిద్దరూ కొలతలు నోటితో చెప్పుకోండి. అంతే. నా బోర్డులు ఇంకొన్నాళ్ళు వరండాలో వాన చూస్తాయి."

వాడు వెళ్ళాక వదిన తన సగంలోకి వెళ్ళిపోయింది. మరిది భార్య తెచ్చిన టీ చల్లారిపోయేదాకా గోడ మీదే ఉంది. "అక్కా, తాగవేం?" అని ఆవిడ అడిగితే, "మీ ఆయన్ని అడుగు, అన్నిటికీ కొలతలు తెలిసినవాడు," అంది. ఆ రోజుకి అంతే.

మామూలు గాస్కెట్ పరిచాక డ్రైవింగ్ స్కూలు బండి చప్పుడు లేకుండా నడిచింది. వేడెక్కినా, తొక్కినా, ఎవరో మళ్ళీ రెండో గేరులో ఊరంతా తిప్పినా.

వదిన కోపం తీరడానికి దానికంటే ఎక్కువే పట్టింది. తర్వాత వచ్చిన హెడ్డును ఆమె కాగితంలో చుట్టలేదు, గోడ మీద పెట్టలేదు. రెండు చేతులతో మోసుకొచ్చి, తడి ఇంకా ఆరకుండానే అతని బల్ల మీద దించింది.

"కొలువు."

"వదినా, ఎందుకు..."

"కొలవమన్నానా? నా ముందే."

అతను గేజి తీశాడు. చెయ్యి కాస్త సిగ్గుపడింది, కొత్తగా ఎవరింటికో వెళ్ళినట్టు. ఒక మూల, ఇంకో మూల, మధ్యలో. నీటి చుక్క ఒకటి హెడ్డు అంచునుంచి జారి బల్ల మీద పడింది.

"సరిపోయింది," అన్నాడు.

"సరిపోయిందా, నువ్వు సరిపెడతావా?"

అతను మళ్ళీ ఒకసారి గేజి చూశాడు. ఈసారి ఒక మూలలో, నిజంగానే, సన్నని పొర మిగిలి ఉంది. అలవాటుగా నాలుక వెనక్కి పోయింది. దాన్ని ముందుకి లాక్కుని చెప్పాడు.

"ఈ మూల కొంచెం ఉంది వదినా."

ఆమె హెడ్డును ఎత్తుకుని మిషను వైపు నడిచింది.